వన్స్ మోర్ అనకూడని చోట

నాటకం నడుస్తున్నంతసేపూ నోరు తెరవనని మా మామయ్యగారి చేత ఒట్టు వేయించుకున్నాను. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా ఇంటి గ్యారేజీలో, కారెక్కే ముందు, నా కూతురు వినకుండా.

"ఈలలు వద్దు. శభాష్ వద్దు. ముఖ్యంగా వన్స్ మోర్ వద్దు, మామయ్యగారూ."

"చప్పట్లన్నా కొట్టొచ్చా అమ్మాయ్? దానికీ మీ ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలా?"

"అందరూ కొడితే కొట్టండి."

ఆయన తెనాలి వైపు పద్యనాటకాలకు ముప్పై ఏళ్ళు హార్మోనియం వాయించారు. అక్కడ పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, నటుడు మళ్ళీ పాడి తీరాలి. యుద్ధంలో చచ్చిపడిన వీరుడు ఆ కేక విని లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవడం ఆయన కళ్ళారా చూశారట. ఆర్నెల్లకని మా దగ్గరికి వచ్చినప్పటి నుంచీ, నా కూతురు పాలగ్లాసు ఖాళీ చేసినా వన్స్ మోర్ అంటున్నారు.

నా కూతురికి తొమ్మిదేళ్ళు. దానికి నత్తి. పాడేటప్పుడు రాదు, మాట్లాడేటప్పుడు వస్తుంది. 'బ' శబ్దం దగ్గర పెదాలు అతుక్కుపోతాయి, మెడ నరాలు తేలతాయి. మూడేళ్ళుగా స్పీచ్ థెరపీ. ఆ పెదాలు విడిపోయేదాకా నేను ఊపిరి పీల్చను. పిల్ల పడుకున్నాక ఆ రోజు అది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ లెక్క మానుకుందామనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మా ఊరి పిల్లల నాటక బృందం ఈసారి అమెరికన్ మ్యూజికల్ పుట్టి పెరిగిన కథనే ప్రదర్శనగా వేసింది. రిహార్సల్ నుంచి వచ్చిన ప్రతిసారీ నా కూతురు అన్నం తింటూ తాతకు పాఠం చెప్పేది. మొదట్లో కథ లేదట. ఒక పాట, ఒక గారడీ, ఒక జోకు, ఒక డాన్సు, దేనికీ దేనితోనూ సంబంధం లేదట. తెల్లవాళ్ళు మొహాలకు మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ పాడిన రోజులూ ఉన్నాయట. అది దాచకూడదని, ఆ భాగంలో దీపాలు తగ్గించి ఒక అమ్మాయి చేత రెండు వాక్యాలు చదివిస్తారట. తర్వాత యూరప్ నుంచి సంగీత నాటకాలు, ఓడల్లో వచ్చినవాళ్ళ పిల్లలు కట్టిన పాటలు. చివరికి పాట కథలో కలిసిపోయింది.

"అప్పట్లో వాళ్ళు కూడా వన్స్ మోర్ అనేవాళ్ళు, తాతయ్యా! పీపుల్ అడిగితే సింగర్ ఎగైన్ పాడాలి. దెన్ ఇట్ స్టాప్డ్."

"ఎందుకు ఆపారే? బుద్ధి లేదా?"

"కథ వెనక్కి వెళ్ళకూడదు కదా, తాతయ్యా."

"మా కథలు నాలుగు సార్లు వెనక్కెళ్ళినా తెల్లారేసరికి ఇంటికి చేరేవి."

దాని వేషం ఆఖరి దృశ్యంలో. ఓడరేవులో చెల్లెల్ని వదిలి వెళ్ళిపోయే అక్క. రెండు వాక్యాలు చెప్పి, మూడో వాక్యం నుంచి నేరుగా పాటలోకి వెళ్ళాలి. పాటయ్యాక ఇంకో వాక్యం చెప్పి ఓడెక్కాలి. ఆ మూడో వాక్యం "బిఫోర్ ద బోట్ లీవ్స్, ఐ హావ్ టు టెల్ యూ సంథింగ్." కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. రాసినవాళ్ళకి ఇంకో అక్షరం దొరకలేదా?

డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ రిటైరైన మ్యూజిక్ టీచర్, పియానో కూడా ఆవిడే వాయిస్తారు. ఆ వాక్యం తీసేసి పాట ఒక్కటే ఉంచమని అడిగాను.

"తీసేస్తే పాట ఎక్కణ్ణుంచి పుడుతుంది?" అన్నారావిడ మెల్లగా. "మాటలు ఇక చాలవు అనిపించినప్పుడే మా నాటకాల్లో పాడతారు. ముందు ఆ మాట ఉండాలి."

నేను వదల్లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పిల్ల ఆగిపోతే, రెండో వరసలోంచి నేను ప్రోగ్రాం కాగితం పైకెత్తుతాను. ఆవిడ వెంటనే పాట ఎత్తుకుంటారు. పిల్లకు తెలియనివ్వం.

ఇంట్లో తాత దానికి కీబోర్డు మీద శ్రుతి ఇచ్చేవారు. కుడి చెయ్యి మీటల మీద, ఎడమ చెయ్యి, అక్కడ లేని హార్మోనియం తిత్తికి గాలి కొడుతూ. అది 'బ' దగ్గర ఆగితే ఆయన ముందుకు పోయేవారు కాదు, ఏమీ అనేవారూ కాదు. ఆ స్వరాన్నే పట్టుకుని ఉండేవారు. అది మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. కాగితం సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు.

"ఎంతసేపు ఆగి ఎత్తుతావమ్మా?"

"మూడు సెకన్లు."

"నటుడు ఆగినప్పుడు హార్మోనిస్టు ముందుకెళ్తే, వాడు మర్చిపోయాడని ఊరందరికీ చాటినట్టే."



శనివారం మధ్యాహ్నం ఆట. మా చిన్నవాడు మొదటి పాటకే గోల పెడితే మావారు వాణ్ణెత్తుకుని బయట లాబీలోకి వెళ్ళిపోయారు. నేనూ మామయ్యగారూ రెండో వరసలో. గారడీ అయింది, మసక దీపాల్లో ఆ రెండు వాక్యాలు అయ్యాయి, గొడుగుల డాన్సు అయింది. అందరూ నవ్వినచోట నేనూ నవ్వాననుకుంటాను. చేతిలో కాగితం తడిసిపోయింది.

తెర మీద ఓడ బొమ్మ. నా కూతురు పాత సూట్‌కేసుతో వచ్చింది. మొదటి మాట బాగానే అంది. రెండోదీ అంది. చెల్లెలి వైపు తిరిగింది.

"బ్—"

పెదాలు అతుక్కున్నాయి. ఒకటి. మెడ బిగిసింది. రెండు. ముందు వరసలో ఎవరో సీటులో కదిలారు. డైరెక్టర్ చేతులు మీటల మీద పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. మూడు.

కాగితం ఎత్తబోయాను. నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. మామయ్యగారు స్టేజీనే చూస్తున్నారు, నోరు తెరవలేదు. వేళ్ళు మాత్రం మీటలు నొక్కిపట్టినట్టు గట్టిగా ఉన్నాయి. వదిలించుకోవాలని చూశాను. వదల్లేదు. నాలుగు. అయిదు. ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నానని ఇక్కడైనా ఒప్పుకోవాలి.

పిల్ల పెదాలు వదులు చేసుకుంది. సూట్‌కేసు కింద పెట్టింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదటి మాట దగ్గరికి వెళ్ళింది, ఇంట్లో వెళ్ళినట్టే. మొదటిది. రెండోది. "బ్... బ్... బిఫోర్ ద బోట్ లీవ్స్..." వాక్యం పూర్తిగా వచ్చింది. ఆఖరి పదం నేల మీద పడకముందే పియానో దాన్ని అందుకుంది. పాట ఆ మాటలోంచే లేచింది. డైరెక్టర్ ఫోన్లో చెప్పింది నాకప్పుడు అర్థమైంది.

పాట అయిపోయింది. ఇంకా చప్పట్లు మొదలుకాని ఆ నిశ్శబ్దంలో, ఎవరో గొంతు చించుకుని అరిచారు.

"వన్స్ మోర్!"

హాలంతా మా వరస వైపు తిరిగింది. అరిచింది నేను. నిలబడి కూడా ఉన్నాను.

డైరెక్టర్ చేతులు మీటల మీద ఆగాయి, వాయించమంటే వాయించేలాగే. నా కూతురు నన్ను చూసింది. తల కొంచెం అడ్డంగా ఊపింది. తర్వాత సూట్‌కేసు తీసుకుని, చెల్లెలితో మిగిలిన వాక్యం చెప్పి, ఓడెక్కి వెళ్ళిపోయింది.

కార్లో మావారు స్టీరింగ్ పట్టుకున్నారో లేదో మొదలుపెట్టారు. "ఏంటి నాన్నా, లాబీ దాకా వినపడింది! ఒట్టేశారటగా?"

మామయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నన్ను పట్టివ్వలేదు.

"తాతయ్య కాదు డాడీ, ఇట్ వాజ్ అమ్మ!" అంది వెనక సీట్లోంచి నా కూతురు. "సో ఎంబరాసింగ్!"

"ఒట్టు తాతయ్య వేశారు, నేను వెయ్యలేదు," అన్నాను.

"సరే, వన్స్ మోర్ కావాలన్నావ్‌గా? ఇప్పుడు చెప్తా." అది గొంతు సవరించుకుంది. "బ్—"

ఆగింది. మళ్ళీ అదే చోట. వెనక్కి తిరిగి చూశాను, దాని మెడ బిగియడం కనిపించింది. మావారు ఆ మాట అందివ్వబోతే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. రెడ్ సిగ్నల్ పడింది. కారు ఆగింది. నేను అంకెలు లెక్కపెట్టలేదు. మామయ్యగారి ఎడమ చెయ్యి ఒళ్ళో మెల్లగా గాలి కొడుతోంది.