ఓడినామె గిర్ని

ఓడిపోవడం ఒక ఎత్తు, ఓడిపోయాక మొగుడు చేసిన పని ఇంకో ఎత్తు. ఏది ఎక్కువ బాధపెట్టిందని రజితను అడిగి చూడండి, ఇప్పటికీ రెండోదే అంటుంది, అదీ పళ్ళు కొరుకుతూ.

పెద్దవంగరకు దగ్గర్లో ఓ ఊరు. ఆ ఊరికంతా ఉన్నది ఒక్కటే పిండి గిర్ని, అది రజితది. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త చేతికింద నిలబడి పని నేర్చుకుంది. అత్త పోయాక బెల్టు తెగినా, మోటారు కాలినా తనే చూసుకుంది. కారానికో పసుపుకో ఆమె ముందు వరసలో నిలబడని ఆడది ఊళ్ళో లేదు. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వ్ కాగానే మొగుడు వెంకట్రాం ఎగిరి గంతేశాడు. "ఊరంత మనోళ్ళే. నువ్వు నిలబడు, మిగిలింది నేను జూసుకుంట" అన్నాడు. ఆ మిగిలిందే కొంప ముంచింది.

ఇంటింటికీ స్టీలు బిందె పంచాడు. అతనొక్కడే కాదు లెండి, అవతల నిలబడ్డ సుశీల వాళ్ళు చీరలు పంచారు. తీరా చూస్తే సుశీల గెలిచింది. రజిత ఓడింది, అదీ అలా ఇలా కాదు. సొంత వాడకట్టులో, ఇరుగుపొరుగు ఇళ్ళలోనే ఆమెకు ఓట్లు పడలేదు.

అక్కడితో ఊరుకుంటే అతను వెంకట్రాం ఎందుకవుతాడు? తెల్లారగానే గోడకున్న కొమురెల్లి మల్లన్న ఫొటో ఊడదీసి ఊరి మీద పడ్డాడు. "మల్లన్న మీద చెయ్యి వెట్టి జెప్పు, రజితకు ఓటేసినవా? ఎయ్యకుంటె బిందె దే!" అని గడపగడపకీ అడిగాడు. రజితనూ వెంట రమ్మన్నాడు. ఆ రోజు ఆమెకు బుర్ర పనిచెయ్యలేదు, వెళ్ళింది. ఓడిన మనిషి, మొగుడి వెనక, దేవుడి ఫొటో వెనక, అందరి వాకిళ్ళలో నిలబడింది.

ఏమైందనుకున్నారు? అందరూ ఒట్టేశారు! కొందరైతే కాళ్ళూ చేతులూ కడుక్కుని మరీ వచ్చి, "నీకే ఏసిన అక్కా, నా పిల్లల మీదొట్టు" అన్నారు. వాళ్ళంతా నిజంగా వేసుంటే సుశీలకు డిపాజిట్ కూడా దక్కకూడదు. ఒక్క బిందె వెనక్కి రాలేదు. వీళ్ళు మలుపు తిరిగారో లేదో, వెనక నుంచి పడీపడీ నవ్వులు. రజితకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే వెంకట్రాం గిర్నికి తాళం వేశాడు. "మోసగాండ్లు! ఇగ ఒక్కలకు గూడ పట్టేది లేదు. దంచుకొని తింటరో, నమిలి తింటరో వాళ్ళిష్టం" అన్నాడు. రజిత గడప దాటడం మానేసింది.

మిరపకాయల కాలం వచ్చింది. ఆడవాళ్ళు సంచులు ఆటోలో వేసుకుని పెద్దవంగర పోతున్నారు. పోయేవాళ్ళు పోక, ఆమె వాకిలి ముందే గొంతు పెంచేవాళ్ళు.

"సర్పంచమ్మ బయటికొస్తలేదేందే?"

"పదవిల ఉన్నది గద, పని ఎక్కువుంటది!"

తలుపు వెనక నిలబడి రజిత అన్నీ విన్నది. వాళ్ళందరి మొహాన కారం కొట్టాలనిపించింది. కారం కొట్టాలన్నా ముందు గిర్ని తెరవాలి కదా, ఖర్మ!

ఒకరోజు వెంకట్రాం ఎవరినో వెంటపెట్టుకొచ్చాడు. మిషిన్ కొనేవాడట. "అమ్మేద్దాం. తొర్రూరుల కిరాయికుందాం. గీ మొకాలు జూసుకుంట ఎట్ల బతుకుతం?" అన్నాడు.

అన్ని రోజులూ నోరు మెదపని మనిషి ఒక్కసారిగా లేచింది.

"ఎవల మిషిన్ ఎవలు అమ్ముతున్రు? నిలబడుమన్నవు, నిలబడ్డ. ఫొటో వట్టుకొని అడుక్కునెతందుకు రమ్మన్నవు, వచ్చిన. ఇజ్జత్ వోయింది నాది. గిర్ని గూడ పోవాల్నా? తాళంచెవి దే!"

"నీ మంచికే చెప్తున్న..."

"నా మంచి నువ్వు జూసింది సాలు!"

అతను తాళంచెవి ఇవ్వలేదు. ఆమె లోపలికి పోయి సుత్తె తెచ్చింది. తాళం ఊడేసరికి కొనేవాడు చల్లగా జారుకున్నాడు.

ఊరిని క్షమించి తెరిచిందనుకునేరు! అదేం లేదు. ఒట్టేసిన ఒక్కొక్కరూ వచ్చి తన మొహం చూడాలి, చూసి తల దించుకోవాలి. అందుకే తెరిచింది. కానీ ఎవరూ రాలేదు. తన ఇంటి మిరపకాయలు తనే కారం పట్టుకుని, స్టూలు మీద కూర్చుని దారి వంక చూసేది. ఏడుపొచ్చిన రోజు ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ ఊడ్చి తెరిచింది.

అలా ఉండగా పోశమ్మ వచ్చింది. కూలికి పోయి బతికే ముసలామె, ఒక్కతే మనవరాలు. ఫొటో ఊరు తిరిగిన రోజు పనికి పోయి, ఒట్టు తప్పించుకుంది. రజిత పలకరించకుండానే సంచి లాక్కుని మిరపకాయలు మిషిన్‌లో పోసింది. సగం అయ్యాక పోశమ్మ చెయ్యూపింది.

"జర బంద్ చెయ్యి బిడ్డా, ఒక మాట జెప్పాలె."

మోటారు ఆగింది.

"నేను నీకు ఓటెయ్యలే."

ఊరు మొత్తంలో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. రజిత గుడ్లురిమింది. "మరి బిందె తీసుకుంటివి గద!"

"తీసుకోకుంటె మీ ఆయన ఊకుంటడా? బిందె నెత్తిన వెట్టి, నవ్వుమని ఫొటో దీసిండు. అందరి ఫోన్లల్లకు పంపిండు. అది జూసి నా మనుమరాలు 'అవ్వా, మనం గంత లేనోళ్ళమా' అని అడిగింది. నాకు పానం వోయినట్లయింది. గప్పుడే అనుకున్న, ఎయ్యనని."

"ఆయన మొకం కాదు, నా మొకం జూడాలె. ఇన్నేండ్ల సంది నీకు కారం వట్టిచ్చింది ఎవలు?"

"నువ్వెక్కడ కనవడ్డవు? ఓట్లకు వచ్చిన్నాడు ముంగట ఆయన, ఎన్క నువ్వు. నోరు దెరిచి 'నాకు ఓటెయ్యి పోశమ్మా' అన్నవా? నువ్వు అడగనే లేదు, నేనెట్ల ఎయ్యాలె?"

ఆ సంచి తీసి రోడ్డు మీద పారెయ్యాలనిపించింది రజితకు. కానీ ముసలిది చెప్పింది నిజం, అదే మరీ కోపం. మోటారు వేసి మిగతా మిరపకాయలు పట్టింది. సంచి మూతి కట్టి పోశమ్మ చేతిలో పెట్టింది గానీ, వెంటనే వదల్లేదు.

"ఐదేండ్లకు మళ్ళ నిలబడుత. నీ ఇంటికి ఒక్కదాన్నే వస్త. ఒట్టి చేతులతోని వస్త. ఇను, నాకే ఎయ్యాలె."

పోశమ్మ సంచి గుంజుకుని నెత్తిన పెట్టుకుంది.

"రా. ఎయ్యబుద్ధయితె ఏస్త. లేకుంటె మళ్ళ గిట్లనే వచ్చి, నీ మొకం మీదనే జెప్త."