మూడో కథలోని అవ్వ

బస్సు లగూనా దాటి బతంగాస్ రేవు వైపు పోతోంది. సియాంగ్ పక్క సీటులో కూర్చున్నాయన ఒళ్ళో ఒక అట్టపెట్టె ఉంది, పెట్టెకు కోసిన కన్నంలోంచి పందెంకోడి తల బయటికి వచ్చి దారంతా పరిశీలిస్తోంది. క్రిస్మస్ మర్నాడు. మనీలాలో పొట్టపోసుకునే దీవులవాళ్ళంతా ఓడలు పట్టుకోవడానికి బయల్దేరే రోజు. ఆయన పేరు హిలారియో, సరుకుల ఓడలో వంటవాడు. ఈ దేశంలో పక్కపక్కన అరగంట కూర్చున్న ఇద్దరు ఊరూ పేరూ అడుక్కోకుండా ఉండరు. ఆయన అడిగాడు. సియాంగ్ "ఇలోఇలో వైపు" అంది.

అది అబద్ధం. ఆమెది ఆ పక్కనే ఉన్న కపిజ్. కపిజ్ వాళ్ళు ఊరు దాటితే ఇలా చెప్పడం మామూలే. కపిజ్ అనగానే ఎదుటి మనిషి నవ్వుతాడు, నవ్వుతూనే తొడలు కాస్త పక్కకు జరుపుకుంటాడు. అస్వాంగ్‌లు, అంటే పగలు మనిషిలా తిరిగి చీకటి పడ్డాక మనుషుల్ని తినేవాళ్ళు, అక్కడే పుడతారని దేశమంతా నమ్మకం. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా కపిజ్‌లో ఎవరైనా మాంసం కూర పెడితే, మనిషి మాంసమైతే బయటపడుతుందని గిన్నెలో నిమ్మరసం పిండి చూస్తారు.

ఇలోఇలో అని వినేసరికి హిలారియోకు ధైర్యం వచ్చింది. నిన్న చూసిన సినిమా సంగతి ఎత్తుకున్నాడు.

చలి దేశాల్లో క్రిస్మస్ పూట మంట చుట్టూ కూర్చుని దయ్యాల కథలు చెప్పుకునేవారని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ చలీ లేదు, మంటా లేదు, కాబట్టి ఆ పని సినిమాహాళ్ళు చేస్తాయి. పండగనాడు పొద్దున పిల్లలు జ్ఞానతల్లుల, జ్ఞానతండ్రుల చేతులు నుదుటికి ఆనించి పండగ డబ్బులు పుచ్చుకుంటారు, మధ్యాహ్నానికి ఆ డబ్బుతో హాల్లో కూర్చుని గొంతు చించుకుంటారు. మూడు కథలు కలిపి ఒక బొమ్మ. మూడింటికీ కలిపి ఒకటే ఇల్లు, గోడలకు మాత్రం రంగు మారుస్తారు. ఒకటే రాక్షసుడి తొడుగు, కొమ్ములు ఒకసారి తగిలిస్తారు, ఒకసారి పీకేస్తారు. తీయడానికి ఇరవై రోజులు పడితే ఎక్కువ. ఆ తొడుగులూ ముఖాలూ ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది సియాంగే. రబ్బరు పాలు, అగర్ జిగురు, పొరలు పొరలుగా కాగితం, ముఖం పౌడరు, కొబ్బరిపీచు. నెత్తురుకు మొక్కజొన్న పిండీ చాక్లెట్టూ. ఆ సంగతి ఆమె హిలారియోకు చెప్పలేదు. చెబితే ఇక రేవు దాకా ప్రశ్నలే.

మొదటి కథలో నక్షత్రం లాంతరు మనుషుల్ని మింగుతుందట, నవ్వొచ్చిందట. రెండోదానిలో ఆఫీసు పండగ విందులో ఒకరికొకరు కానుకలు ఇచ్చుకుంటుంటే ఒక పెట్టెలో యజమాని తల వచ్చిందట. అదీ నవ్వే.

"మూడోది మాత్రం మాటలు కాదమ్మా. ఒక ముసల్ది. గుడి ముందు తెల్లారుజామున పిల్లలకి గంజి పోస్తుంది. ఎంత ఆపేక్షగా పోస్తుందనుకున్నావ్? మా అమ్మమ్మ గుర్తొచ్చింది నాకు. ఒక కనుబొమ్మ తెల్లగా ఉంటుంది, రెండోది నల్లగా."

"చివర్లో ఆవిడే పిల్లల్ని కాపాడుతుంది కదూ," అంది సియాంగ్.

హిలారియో కోడి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "కాపాడ్డమా? ఎవరు చెప్పారు నీకు? ఆ గంజి తాగిన పిల్లల్నే కదా వరసగా పట్టుకుపోయింది. చివరి పిల్ల గొంతులోకి నల్ల కోడిపిల్లని ఉమ్ముతుంది, ఇక ఆ పిల్ల కూడా అదే జాతి. మా ఆవిడ నా చెయ్యి రక్కేసింది చూడు. ఊరి పేరు చెప్పలేదు గానీ ఆ నది, ఆ ఆల్చిప్పల గుట్టలు చూస్తే తెలీదా? కపిజ్‌లో బంతిగన్. అక్కడ నిజంగానే జరిగిందంట."

ఆమె ఎవరో తెలియని హిలారియో ఇంకా చాలా చెప్పాడు. సియాంగ్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బంతిగన్ ఆమె ఊరు. తెల్ల కనుబొమ్మ అవ్వ ఆమె అమ్మమ్మ, లోలా ఉర్సింగ్.

లోలా ఉర్సింగ్ నలభై ఏళ్ళ కిందట నిజంగానే గుడి ముందు గంజి అమ్మేది. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులూ తెల్లవారుజాము పూజలకు వచ్చే పిల్లలకు కొసరు పోసేది. ఒక ఏడు ఊరి పెద్దల ఇంట్లో పిల్ల జ్వరంతో పోయింది. రెండు రోజుల ముందు లోలా ఆ పిల్ల తల నిమిరి ఎంత ముద్దుగా ఉందో అన్నదని ఎవరో గుర్తు చేసుకున్నారు. అంతే. అస్వాంగ్‌లకు గిట్టవని లోలా ఇంటి గుమ్మానికి వెల్లుల్లి, టేకుచేప ముల్లుతోక వేలాడదీశారు, పైకప్పు మీద రాళ్ళు పడ్డాయి. ఆ ఏడాది తిరక్కుండానే లోలా పోయింది. శవజాగారానికి వండిన అన్నం ఎవరూ ముట్టలేదు. ఆరేళ్ళ సియాంగ్ ఆ అన్నం నదిలో పారబొయ్యడం చూసింది.

పాతికేళ్ళు వేరే దీవిలో తలదాచుకుని, సియాంగ్ తల్లి సలుద్ మళ్ళీ బంతిగన్ చేరింది. మొండి మనిషి. పడవల రేవు దగ్గరే పూటకూళ్ళ బల్ల పెట్టింది. ఎనిమిది నెలలు ఒక్క గిన్నె అమ్మలేదు. తర్వాత ఒక తాగుబోతు జాలరి మత్తులో ఎక్కడ కూర్చున్నాడో తెలియక రెండు గిన్నెల సూపు తాగాడు. మర్నాడు వాడు బతికి లేచేసరికి ఊరికి కాస్త ధైర్యం వచ్చింది. ఆపైన ఒక్కొక్కరే వచ్చారు. అస్వాంగ్ ఇంటి తిండి తింటే తామూ అస్వాంగ్ అవుతామని నమ్మే చోట, ఒకరి గిన్నెలో చెంచా పెట్టడమంటే పదిమందిలో సాక్ష్యం చెప్పడం. పదిహేనేళ్ళుగా ఊరు ఆ సాక్ష్యం చెబుతూ వచ్చింది.

ఇదంతా సియాంగ్ ఒకే ఒక మనిషికి చెప్పింది. దర్శకుడు వెనాన్సియోకు. అతని కూతురికి జ్ఞానస్నానం చేయించిననాడు జ్ఞానతల్లిగా నిలబడింది ఆమే. ఆ బంధంతో అతను ఆమెను "మారె" అంటాడు, ఆమె అతన్ని "పారె" అంటుంది. తోబుట్టువులు పోట్లాడుకోవచ్చు గానీ మారె, పారె పోట్లాడుకోకూడదు. ఈ బొమ్మల పనిలో ఒక అలవాటు ఉంది: కథ దొరక్కపోతే మొదటి రోజు భోజనాల దగ్గర పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి తలా ఒక నిజమైన భయం చెప్పమంటారు. వంటమనిషి దగ్గర్నుంచి దీపాలవాడి దాకా అందరూ చెబుతారు, బాగున్నది తీసుకుంటారు. సియాంగ్ ఇన్నేళ్ళూ తన వంతు దాటవేసింది. పోయిన జూన్‌లో, అందరూ వెళ్ళాక, అతనితో చెప్పింది. అతని కళ్ళు చెమర్చాయి. ఈ కథలో అవ్వే పిల్లల్ని కాపాడుతుంది మారె, ఊరు తప్పు తెలుసుకుంటుంది, మీ అవ్వ పేరు మీద పడిన మచ్చ మనమే కడుగుదాం అన్నాడు.

ఆమె ఆ మాట తల్లికి చేరవేసింది.

ముఖం చేసేటప్పుడు అతను వెనక నిలబడేవాడు. "భయపెట్టే ముఖం వద్దు. నిన్ను ముద్దుచేసిన ముఖం కావాలి," అనేవాడు. మూడో రోజుకు రబ్బరులో లోలా వచ్చి కూర్చుంది. పై పెదవి ఎడమ పక్క కొంచెం లోపలికి పోవడం కూడా వచ్చింది. సియాంగ్ దాన్ని చెరపలేదు. ఆమె చేతికి ఇచ్చిన కాగితాల్లో అవ్వ పిల్లల్ని ఒడిలో దాచుకుంటుంది. ఈ పనిలో ఎవరి రోజు కాగితాలు వాళ్ళకే ఇస్తారు, పూర్తి కథ ఎవరి దగ్గరా ఉండదు. ఆఖరి రోజు ఆమెను మొదటి కథలోని లాంతరు బాగుచెయ్యమని ఇంకో చోటికి పంపారు. వెళ్ళింది. అనుమానం రాలేదు. సినిమా ముందే చూడనని, తల్లి పక్కన కూర్చుని పట్నం హాల్లో చూడాలని ఒట్టు పెట్టుకుంది.

రేవులో బస్సు దిగాక హిలారియో కోడిని ఎత్తుకుని ఓడ వరసలోకి పోయాడు. సియాంగ్ టీ కొట్టు పక్కన నిలబడి తల్లికి ఫోను చేసింది.

"ఎక్కడున్నావ్?" అంది సలుద్.

"రేవులో. మధ్యాహ్నం ఓడ."

"రాకు."

అటునుంచి కాకుల అరుపులు, దూరంగా పడవ మోటారు వినిపిస్తున్నాయి. సలుద్ మెల్లగా చెప్పుకొచ్చింది. జీపు మాట్లాడింది ఆవిడే. మా అమ్మ కథ బొమ్మగా వస్తోంది, చూడండని పద్దెనిమిది మందిని పట్నం పంపింది ఆవిడే. కాలు నొప్పిగా ఉండి తను మాత్రం వెళ్ళలేదు. నిన్న సాయంత్రం జీపు తిరిగొచ్చినప్పుడు ఎవరూ బల్ల ముందు దిగలేదు, మలుపు దగ్గరే దిగి వెనక సందులోంచి పోయారు. ఇవాళ పొద్దున కుండలో సూపు నిండుగానే ఉంది. ఒక్క పక్కింటి మనిషి వచ్చి అంతా చెప్పింది, గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"ఆ ముఖం చేసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"అనుకున్నాలే. పెదవి సంగతి చెప్పినప్పుడే అనుకున్నా. అది నీకూ నాకూ తప్ప ఎవరికి గుర్తుంటుంది. నువ్విప్పుడొస్తే ఇద్దరు అస్వాంగ్‌లూ కలిశారంటారు. ఉండు అక్కడే," అని ఫోను పెట్టేసింది.

సియాంగ్ ఓడ టిక్కెట్టు సంచీలో పెట్టుకుని, వచ్చిన బస్సులాంటిదే ఇంకో బస్సెక్కి మనీలా తిరిగొచ్చింది.

వెనాన్సియో ఇంట్లో భోజనాలు ముగుస్తున్నాయి. బల్ల మీద పండగ హామ్ ఎముక, క్రీములో కలిపిన పళ్ళ ముక్కలు. అతని కూతురు, తొమ్మిదేళ్ళ ఇసాంగ్ "నీనాంగ్!" అంటూ పరుగెత్తుకొచ్చి జ్ఞానతల్లి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. అతని భార్య హసింత కుర్చీ వేసింది. వెనాన్సియో లేచి ఆమెను కౌగిలించుకుని, హాళ్ళన్నీ నిండాయని, అందరూ ఆ ముఖం గురించే మాట్లాడుతున్నారని, ఈసారి బహుమతి ఆమెకే వస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

సియాంగ్ చివర ఎందుకు మార్చావని అడిగింది.

అతను దాచలేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒప్పుకోలేదన్నాడు. పండగ పూట పిల్లలు అరవడానికి వస్తారు గానీ ఏడవడానికి రారట. నీకు చెబితే ముఖం అంత బాగా చేసేదానివి కాదు మారె, అన్నాడు. అది మెచ్చుకోలుగానే అన్నాడు. ఊరి పేరు చెప్పలేదు కదా అని కూడా అన్నాడు.

"పారె, నాకు బహుమతి వద్దు. ఒక్క పని చెయ్యి. నాతో బంతిగన్ రా. రేవులో మా అమ్మ బల్ల దగ్గర అందరూ చూస్తుండగా కూర్చుని ఒక గిన్నె సూపు తాగు. ఆ బొమ్మ తీసింది నేనే, కథంతా నా కల్పనే అని చెప్పు. చాలు."

అతను నవ్వాడు. "ఇప్పుడా? హాళ్ళలో ఆడుతుండగా నేనే పోయి అబద్ధమని చెప్పనా?"

"అబద్ధమే కదా."

"అబద్ధమే. ఎవరు కాదన్నారు? బొమ్మ ఎత్తేశాక వెళ్దాంలే."

సియాంగ్ చూపు అతని భుజం మీదుగా ఫ్రిజ్ పైకి పోయింది. అక్కడ అరటిపట్టతో కట్టిన పొట్లం ఉంది. బెల్లం కొబ్బరి లౌజు. సలుద్ ఏటా పండగకు వారం ముందు ఈ ఇంటికి పంపేది. వచ్చిన రోజే సగం అయిపోయేది. భార్యకు తెలియకుండా వెనాన్సియో జేబులో వేసుకునేవాడు, జేబుకు చీమలు పట్టి దొరికిపోయేవాడు. ఈసారి పురికొస ముడి విప్పనే లేదు. సలుద్ వేసిన రెండు ముళ్ళూ అలాగే ఉన్నాయి. పొట్లం కింద ఎవరో పాత పేపరు పరిచారు.

ఆమె లేచి పొట్లం దింపింది. ముళ్ళు విప్పి ఒక ముక్క విరిచి సగం తను తిన్నది. సగం అతని ముందు పట్టుకుంది.

వెనాన్సియో ఆ ముక్కను చూశాడు. కథ రాసింది అతను. లోలా ఉర్సింగ్ ఎవరినీ ఏమీ చెయ్యలేదని లోకంలో ముగ్గురికి తెలిస్తే, ఆ ముగ్గురిలో ఒకడు అతను.

"షుగరొచ్చింది మారె," అన్నాడు. "డాక్టరు తీపి మానెయ్యమన్నాడు."

అతని ముందున్న గిన్నెలో క్రీము పళ్ళు సగం తిని ఉన్నాయి. చెంచా అందులోనే ఉంది. అతనూ దాన్ని చూశాడు, గిన్నెను కొంచెం పక్కకు జరిపాడు.

ఇసాంగ్ చెయ్యి చాపింది. "నాకు పెట్టవా, నీనాంగ్?"

హసింత వెనక నుంచి కూతురి భుజాల మీద రెండు చేతులూ వేసి మెల్లగా తనవైపు లాక్కుంది. ఆ పిల్ల చాపిన చెయ్యి అలాగే చాపుకుని తల్లి పొట్టకు ఆనుకుని నిలబడింది.

సియాంగ్ మిగతా సగమూ నోట్లో వేసుకుని నమిలింది. పొట్లం మళ్ళీ కట్టి, తల్లి వేసినట్టే రెండు ముళ్ళు వేసి సంచీలో పెట్టుకుంది. వెనాన్సియో కారులో దింపుతానన్నాడు, కనీసం కాఫీ తాగి వెళ్ళమన్నాడు, ఈ మాట మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటోంది. ఇసాంగ్ ఆమె చెయ్యి మళ్ళీ నుదుటికి ఆనించుకోవడానికి రాబోయి తల్లి చేతుల్లో ఆగిపోయింది.

గేటు తీసి, వీధిలో ఎండలోకి దిగి, ఓడల రేవుకు పోయే దక్షిణం బస్సులు ఆగే రోడ్డు వైపు సియాంగ్ నడిచింది.