నాయనమ్మ బరువుకు బిగించిన బుష్షు

గుంటూరు శివార్లలో నేను పనిచేసే సర్వీసు షెడ్డులో వారానికి రెండు మూడుసార్లయినా ఒక వాసన పుడుతుంది. తుప్పుపట్టిన ఇనుము, నలిగి కాలిన రబ్బరు, రెండింటి మీదా చల్లిన డీజిలు కలిస్తే వచ్చే వాసన అది. ప్రెస్సు కింద పెట్టిన కారుభాగంలోంచి పాత రబ్బరు బుష్షు టప్పుమని ఊడి రేకు పళ్లెంలో పడగానే తోటివాళ్లు ముక్కు చిట్లించుకుని ఫ్యాను వేగం పెంచుతారు. నాకు మాత్రం పద్దెనిమిదేళ్ల కిందటి మాఘమాసపు ఎండ, ఆ ఎండలో ఎర్రగా పరుచుకున్న మిరపకల్లం, కల్లం పక్కన వెనక చక్రాలు ఊడదీసి దుంగల మీద నిలబెట్టిన మా రాఘవ పెదనాన్న తెల్లకారు కనిపిస్తాయి.

ప్రత్తిపాడు దాటి దక్షిణంగా పోతే నల్లరేగడి మధ్యలో మా ఊరు. ఆ నెలకి పత్తి తీతలు అయిపోయి గట్ల మీద పత్తికట్టె మోపులు పేర్చి ఉండేవి, అమ్మకుండా ఉంచిన పత్తి మా ఇంటి వెనకగదిలో దూలందాకా నిండి ఉండేది, పెద్దవాళ్లు పొలం వెళ్లగానే పిల్లలం కిటికీ ఎక్కి అందులోకి దూకి, జుట్టు నిండా తెల్లటి పీచుతో దొరికిపోయేవాళ్లం. మిరపచేలల్లో రెండో కోత మొదలయ్యేది. వంటింట్లో పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, మెంతిపిండి వేసి రోట్లో తొక్కుతుంటే ఆ ఘాటుకి వీధిలో పోయే కుక్క కూడా తుమ్మేది. అయితే ఊరంతా తిరిగే ఈ కాలచక్రానికి మా ఇంట్లో ఇరుసు నాయనమ్మ. తెల్లవారగానే వట్టికాళ్లతో కల్లంలోకి దిగి, నాలుగు మూలల నుంచీ నాలుగు కాయలు తీసి, ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలమంటేనే బస్తాలకెత్తమనేది. ఆవిడ నోటితో చెప్పందే ఒక్క కాయ కల్లం దాటేది కాదు.

ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక నాయనమ్మ నడుము పట్టేసింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు జారిందని గుంటూరులో ఆపరేషన్ చేశారు. మూడు వారాలుగా అక్కడే మా అత్తయ్య ఇంట్లో మంచం మీద ఉంది. ఇంటికి పంపడానికి డాక్టరు గారు పెట్టిన షరతులు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఒకటి, పడుకునే రావాలి, రెండు, కుదుపు ఉండకూడదు, మూడు, గట్టిగా దగ్గకూడదు, తుమ్మకూడదు. ఇవి కుదరకపోతే ఇంకో రెండు నెలలు గుంటూరులోనే ఉండాలి. రెండు నెలలంటే మిరపకల్లం ఖాళీ అయిపోతుంది. తాను లేకుండా కాయ బస్తాలకెత్తితే ఏడాది కష్టం బూజు పడుతుందని ఆవిడ అత్తయ్యను రోజూ పోరుతోంది. పోనీ అంబులెన్సు పెడదామంటే అస్సలు వినలేదు.

“ఆ బండిలో వస్తే నే పోయాననుకుని ఊరు ఊరంతా ఏడ్చుకుంటా ఎదురొస్తది. మన కారు పంపు, వస్తా,” అంది పెదనాన్నతో.

మన కారు సంగతి ఆవిడకు తెలియదు. వెనక కుడివైపు బరువు మోసే ఉక్కుపట్టీల కమానుకట్ట ముందుకొసన చుట్టినట్టుండే కన్నులో ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. రెండు ఇనుప గొట్టాలు, వాటి మధ్య రబ్బరు, లోపలి గొట్టంలోంచి కారు చట్రానికి పట్టి ఉంచే బోల్టు, అంతే దాని నిర్మాణం. ఆ బుష్షు పట్టేసి గతుకు వచ్చినప్పుడల్లా కారు వీపున గుద్దినట్టు గుద్దేది. తప్పు పెదనాన్నదే. ఆయన చిన్నప్పుడు ఎడ్లబండి తోలినవాడు. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు కందెన పెట్టిన చెయ్యి అది. కిర్రుమన్న ప్రతిదానికీ కందెన పెట్టాలన్నది ఆయన నమ్మకం. అందుకే బుష్షు కిర్రుమన్నప్పుడల్లా ఇంజనులోంచి తీసిన మడ్డినూనె దాని మీద పోస్తూ వచ్చాడు, మూడేళ్లపాటు, శ్రద్ధగా.

ప్రత్తిపాడు నుంచి వచ్చిన మెకానిక్కు కోటయ్య కారు కింద దూరి, ఉబ్బి ముద్దయిన రబ్బరును వేలితో గీరి చూపించాడు. “ఇది తిరిగే ఇరుసు కాదండీ, నలిగే రబ్బరు. నూనె తాగితే కుళ్లిపోద్ది. మీరు ప్రేమతో చంపేశారు దీన్ని.”

పెదనాన్న మడ్డినూనె డబ్బా తీసుకెళ్లి గట్టు అవతల పారబోసి వచ్చాడు.

తర్వాతి రెండు రోజులు నేను బడికి పోలేదు. బోల్టు తుప్పుపట్టి లోపలి గొట్టంతో ఏకమైపోయింది. నట్టు ఊడింది కానీ, బోల్టును తిప్పితే గొట్టం కూడా తిరిగేది, రబ్బరు మెలిపడి మళ్లీ వెనక్కి లాగేది. కోటయ్య డీజిలు పోసి ఒక పూట నానబెట్టాడు, మరలు చెడకుండా నట్టును కొసకు ఎక్కించి సుత్తితో కొట్టాడు, మంట పెట్టి వేడిచేశాడు. అప్పుడే ఆ వాసన పుట్టింది. కల్లంలో కాయ ఏరుతున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మిరప ఘాటే నయమని, ఈ దయ్యప్పొగ ఎక్కడిదని తిట్టిపోశారు. బోల్టు కదల్లేదు. చివరికి చట్రానికీ బుష్షుకీ మధ్య ఉన్న సన్నటి సందులో రంపం బ్లేడు దూర్చి, గుడ్డ చుట్టిన చేత్తో అటూ ఇటూ రెండుచోట్లా కోశాడు. మూడు బ్లేడ్లు విరిగాయి. కట్ట కిందికి దిగాక కాలిన రబ్బరును పొడిచి తీసి, కన్నుకే అంటుకుపోయిన బయటి గొట్టాన్ని లోపలి నుంచి ఒక్క గీత మాత్రం, కన్నుకు గాటు పడకుండా, కోసి మడిచి బయటికి తన్నాడు. గుంటూరు నుంచి తెచ్చిన కొత్త బుష్షుకు సబ్బునీళ్లు రాసి, ఒక పొడుగు బోల్టు, ఒక గొట్టం ముక్క, రెండు మందపాటి బిళ్లల సాయంతో నట్టు తిప్పుతూ నెమ్మదిగా లోపలికి లాగించాడు. అది సరిగ్గా కూర్చున్నప్పుడు అయిన చిన్న చప్పుడు విని పెదనాన్న పెద్దగా ఊపిరి వదిలాడు.

పెదనాన్న అప్పుడే పానా అందుకుని గట్టిగా బిగించబోతే కోటయ్య చెయ్యి పట్టుకున్నాడు. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడుతుందట. తర్వాత కారు నేలకు దిగి బరువెక్కగానే మెలిపడి, గట్టిపడి, ఆర్నెల్లలో చిరుగుతుందట. “ఎంత బరువు మోయాలో అంత బరువు మోస్తా నిలబడ్డప్పుడే బిగించాలండీ,” అన్నాడు. కాలేజీలో అదే సూత్రాన్ని తర్వాత బొమ్మలతో సహా చదువుకున్నాను, కానీ దాన్ని మొదట విన్నది ఎండిన నీళ్లబోదె ఒడ్డున. చక్రాలు తొడిగి, కారును ఆ బోదెకు అటొక చక్రం ఇటొక చక్రం వచ్చేలా నిలిపి, కోటయ్య బోదెలో వెల్లకిలా పడుకుని, ప్రయాణం రోజు ఎవరెక్కడ కూర్చుంటారో అలా ఎక్కమన్నాడు. పెదనాన్న స్టీరింగు ముందు, నేను పక్కన, అమ్మ వెనకసీటు అంచున. లేనిది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ నలభై కిలోల మనిషి. కల్లంలో కాయ తొక్కి కట్టి ఉంచిన మిరపబస్తా, మావాళ్లు టిక్కీ అంటారు, అది కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. దాన్ని ఇద్దరు మోసుకొచ్చి, నాయనమ్మ పడుకునే చోట, జాగ్రత్తగా, తలవైపు ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టారు. కోటయ్య బిగించాడు. అదే బరువుతో సాయంత్రం దాకా ఊరి చుట్టూ తిరిగి చూశాం. ఒక్క గుద్దు లేదు.

మర్నాడు గుంటూరు వెళ్లాం. కనిగిరిలో పంతులుగా పనిచేసే మా నాన్న కూడా నేరుగా అక్కడికే వచ్చి, నాయనమ్మను ఎత్తి వెనకసీట్లో పరిచిన పరుపు మీద పడుకోబెట్టి, బస్సులో వెనకే వస్తానన్నాడు. వెళ్లేటప్పుడే రాసుకున్న దారి నా పుస్తకంలో సిద్ధంగా ఉంది: పెద్ద గతుకులు పదకొండు, కల్వర్టులు ఆరు, రోడ్డుకు అడ్డంగా తవ్వి పూడ్చిన గాడి ఒకటి. నేను అంకె చెప్పడం, పెదనాన్న కారును చెయ్యి పట్టి నడిపించినట్టు దాటించడం. మధ్యలో అమ్మ, టిక్కీ సంగతి తప్ప, బుష్షు మార్చిన కథంతా నాయనమ్మకు చెప్పింది. ఎనిమిదో గతుకు దాటాక ముందు పోయే లారీ దుమ్ముకి అద్దాలు ఎక్కించాం. రెండు నిమిషాలకి పెదనాన్న తుమ్మాడు. తర్వాత అమ్మ, తర్వాత నేను. అప్పుడు తెలిసింది. టిక్కీని దింపాం గానీ గోనెసంచి రాల్చిన కారం సీటుగుడ్డలోనే ఉండిపోయింది. కల్లం గాలి పీల్చే మా ముక్కులకి నిన్న అది తెలియనే లేదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాయనమ్మ ముక్కుపుటాలు అదురుతున్నాయి. పెదనాన్న ఒక పత్తిచేను పక్కన కారు ఆపి నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. అమ్మ ఆవిడ నడుము కింద రెండు చేతులూ పెట్టి పట్టుకుంది. నాయనమ్మ ఆపుకోవాలని చూసింది, కళ్ల వెంట నీళ్లు కారాయి, ఆపలేకపోయింది. ఒకటి. రెండు. మూడు. మూడోదానికి ఒళ్లంతా ఎగిరిపడింది. తర్వాత ఆవిడ కళ్లు మూసుకుని కదలకుండా ఉండిపోయింది. పెదనాన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి చూడలేక చేనువైపు తిరిగాడు. నాకు పుస్తకంలో మూడో షరతు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

నాయనమ్మ మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుం తడుముకుంది. కాళ్ల వేళ్లు ఆడించింది.

“ఏం కాలేదురా. నా బుష్షు కూడా గట్టిగానే కూర్చుంది,” అంది. వెంటనే గొంతు మారింది. “ఒరేయ్ రాఘవా, ఇక్కడ పెట్టిన కాయ ఎవరు కట్టమన్నారు? పచ్చివాసన కొడతంది. తేమ ఆరలేదు. ఆ బస్తాలన్నీ ఇవాళే విప్పించు.”

పెదనాన్న నలభై ఐదేళ్ల మనిషి, బడిపిల్లాడిలా తల ఊపాడు. ఆవిడ లేదన్న ధైర్యంతో ఆ వారం అరవై టిక్కీలు కట్టించాడని మాకందరికీ తెలుసు. ఆ సాయంత్రం కల్లంలో వాటిని విప్పితే అడుగున ఉన్న కాయలు చేతికి మెత్తగా, వెచ్చగా తగిలాయి. బూజు ఇంకా పట్టలేదు. మూడు రోజుల ఎండలో తిరిగి గలగలమన్నాయి. నాయనమ్మ నులకమంచం మీద పడుకునే, ఒక్కో దోసెడు చెవి దగ్గరికి తెప్పించుకుని విన్నది.

ఇప్పుడు ఆ కారు లేదు, కమానుకట్టల మీద నడిచే కార్లే దాదాపు లేవు. కందెన అనే మాట మా షెడ్డులో కుర్రాళ్లకు తెలియదు. కాయ కల్లం నుంచి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోతోంది, పత్తి నింపిన వెనకగదిలో పెదనాన్న మనవరాలి చదువుబల్ల ఉంది. గుంటూరు నుంచి మా ఊరికి రోడ్డు వెడల్పయింది, రాసుకోవడానికి గతుకులు మిగల్లేదు. కోటయ్య మోకాళ్ల నొప్పులతో కార్ల కిందికి దూరడం మానేశాడు గానీ, నేను పానా పట్టే పద్ధతికి వంకలు పెట్టడానికి అప్పుడప్పుడూ షెడ్డుకు వస్తుంటాడు. పోయిన ఆదివారం ఊరెళ్లాను. ఎనభై మూడేళ్ల నాయనమ్మ కల్లంలో చిన్నపీట మీద కూర్చుని ఇద్దరు ఆడవాళ్లతో కలిసి రంగు తప్పిన తాలుకాయ ఏరుతోంది. పొద్దెక్కింది, లోపలికి పోదామని చెయ్యి చాపాను. నా చెయ్యి అందేలోపే లేచి, కొంగు దులుపుకుని, నాకంటే ముందు నడిచింది.