ఐస్ టబ్బులో ముదీర్

దుబాయ్‌లో ఒక పెద్దమనిషిని సూటూ బూటూ సమేతంగా మంచునీళ్ళలో ముంచిన ఘనత నాది. ఎలా ముంచానో దాచకుండా చెబుతాను. కాకపోతే తప్పంతా నాదేనని మీరు తేల్చేముందు నాకు జరిగిన అవమానాలు మూడు వినాలి. నేను మరచిపోయే రకం కాదు. మూడో తరగతిలో నా బలపం విరగ్గొట్టినవాడి పేరు ఇంటిపేరుతో సహా ఇప్పటికీ చెప్పగలను.

వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారిన ఏడాది అది. మా కాలేజీ క్రీడాకారుల వైద్య విభాగంలో ఉన్నది ముగ్గురం. ఫిజియోథెరపిస్టు సునీత మేడమ్, వరంగల్ ఆవిడ. ఆవిడకు సహాయకుణ్ణి నేను, నెల్లూరు మస్తాన్‌ని. బరువులు మోయడానికి జగిత్యాల బిక్షపతి.

మొదటి అవమానం. నెల్లూరులో రెండేళ్ళు కోర్సు చేసి, పిల్లల మడమలకు టేపు చుట్టడంలో ఆరితేరి వచ్చానా, మేడమ్ మొదటిరోజే "మస్తాన్, నువ్వు ఐస్ సంగతి చూస్కో" అంది. అంతే, పిల్లలు నన్ను ఐస్ మస్తాన్ అన్నారు. సైకిల్ మీద గంట కొట్టుకుంటూ తిరిగేవాడి పేరులా లేదూ?

రెండోది. కాలేజీ పుస్తకంలో వేసిన గ్రూప్ ఫొటోలో నా మోచెయ్యి మాత్రమే పడింది. ఆ పుస్తకం మా అమ్మకు పంపితే "చెయ్యి చిక్కిపోయినట్టుందిరా" అంది.

మూడోది బాగా గుర్తు పెట్టుకోండి, మీకు పనికొస్తుంది. కొత్త ముదీర్, అంటే మా క్రీడల డైరెక్టర్, పదవిలోకి వచ్చిన రోజు అందరినీ పిలిచి పరిచయం చేశారు. నేనూ బిక్షపతీ ఐస్ సంచులు తేవడానికి వెళ్ళాం. మాకు ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేయలేదు!

ఇక టబ్బు సంగతి. ఎండలో పరుగెత్తే పిల్లలకు వడదెబ్బ తగిలితే, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే చల్లబరచాలి. అందుకని ప్రతి పోటీకీ ట్రాక్ పక్కన గుడారం వేసి, పెద్ద టబ్బు నిండా మంచునీళ్ళు పెడతాం. దానికి మేడమ్ రూళ్ళున్నాయి.

"ముందుగాల పేరు, వారం అడగాలె. తప్పు చెప్తే టెంపరేచర్ చూడాలె. నోట్ల కాదు, చంకల కాదు, వెనకనుంచి పెట్టి చూడాలె. అటెన్క టబ్బుల ముంచాలె. సమజైందా?"

సమజైంది. కానీ ఏడాదిగా ఒక్కడూ పడిపోలేదు. మండపం అలంకరించి పెళ్ళికొడుకు కోసం గుమ్మంలో నిలబడ్డ మామగారిలా నేను టబ్బు పక్కన నిలబడటం, సాయంత్రానికి ఆ నీళ్ళు మొక్కలకు పోయడం. నా బతుకు అదే.

ఆ శనివారం పొద్దున మేడమ్ అంది: "మస్తాన్, ఇయ్యాల్టి పోటీ మంచిగ గడిస్తే సోమవారం సంది టేపింగ్ టేబుల్ నీకే. ఏమన్న గడబిడ చేసినవో, ఖలాస్. జన్మంత ఐసే."

మధ్యాహ్నం మేడమ్ మైదానం అవతలి చివర ఎవరో లాంగ్‌జంప్ పిల్లాడి తొడ పట్టేస్తే వెళ్ళింది. సరిగ్గా అప్పుడొచ్చాడు నా పెళ్ళికొడుకు. నల్ల సూటు, టై, ఎర్రగా కందిన ముఖం, ధారలుగా చెమట. ఒక కాలు ఈడుస్తూ తూలుతున్నాడు, గాలిలో చేతులూపుతూ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు.

"బిక్షపతీ, చూశావా?"

"చూసిన్నన్నా. తాగిండా ఏంది?"

"కాదురా, వడదెబ్బ!" నా గుండె ఆనందంతో ఎగిరింది. దేవుడు నన్ను క్షమించుగాక. "సార్, మీ పేరేంటి?"

ఆయన ఆగమన్నట్టు వేలు చూపించి, మళ్ళీ తనలో తను గొణుక్కున్నాడు.

"పోనీ ఇవాళ ఏం వారం సార్?"

"శుక్రవారం కదప్పా, సెలవు. దావ వదులు."

శనివారం పట్టుకుని శుక్రవారం! ఇంకేం కావాలి? తర్వాతి మెట్టు టెంపరేచర్. థర్మామీటర్ చేతిలోకి తీసుకున్నాను. కానీ ఆయన బెల్టు బకిల్ బీరువా తాళమంత ఉంది. అది విప్పేలోగా మనిషి దక్కడనిపించింది.

"యల్లా, కానియ్ బిక్షపతీ, కాళ్ళు పట్టు!"

దభేలున పడ్డాడు. నీళ్ళు గుడారం కప్పును తాకాయి.

"ఓర్నాయనో! సస్తి! వదలండ్రా!"

తల మునగకుండా చంకల కింద తువ్వాలు వేసి పట్టుకోవాలి. శాస్త్రోక్తంగా పట్టుకున్నాను. బిక్షపతి నీళ్ళు కలియబెడుతున్నాడు.

"నేను డైరెక్టర్ని రా!"

"ముదిరింది రా, గట్టిగా కలుపు!"

"నేను గూడ కలెక్టర్‌నే సార్," అన్నాడు బిక్షపతి ఓదార్పుగా. "జెర కదలకుండ్రి."

మేడమ్ పరుగెత్తుకొచ్చింది. "మస్తాన్! ఏం జేస్తున్నవ్! ఆయన కొత్త ముదీర్!"

నా చేతిలోంచి తువ్వాలు జారింది. ముదీర్ గడ్డం దాకా మునిగి తేలాడు.

"వారం తప్పు చెప్పాడు మేడమ్," అన్నాను నీరసంగా.

"ఇరవై ఏండ్లు ఈడ సెలవంటే శుక్రవారమే కదప్పా!" అని పళ్ళు టకటకలాడిస్తూ అరిచాడు ఆయన. కడప మనిషి. "నోటికి అదే వస్తాది! కొత్త బూట్లు కరుస్తా ఉంటే కుంటుకుంటా, స్పీచ్ బట్టీ పడతా ఉంటి!"

ఆయన్ను తీసి తువ్వాళ్ళు చుట్టాం. టేపింగ్ టేబుల్ మీద ఆశ టబ్బులో ఐస్ ముక్కలా కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. మేడమ్ నా మీద పడింది.

"రూల్ ఏంది? నూరుసార్లు చెప్పిన్నా లేదా, ముంచేటందుకు ముందుగాల టెంపరేచర్ చూడాలెనని? చూస్తే ఈ కథంతా అయ్యేదా? ఎందుకు చూడలే?"

"ఏం టెంపరేచర్ మేడమ్?" అన్నాడు ముదీర్.

మేడమ్ నేల చూసింది. నేను గుడారం కప్పు చూశాను. బిక్షపతి ఒక్కడే ధైర్యంగా థర్మామీటర్ ఎత్తి చూపించి, అది ఎక్కడ పెట్టాలో, ఎంతవరకు పెట్టాలో వివరించాడు.

ముదీర్ దానివైపు చాలాసేపు చూశాడు. ఒకసారి తన బెల్టును ఆప్యాయంగా తడుముకున్నాడు.

"మేడమ్," అన్నాడు మెల్లగా, "ఈయప్ప ఆ ఒక్క రూలు పాటించలేదు కాబట్టే ఈయప్పకు ఇంకా ఉద్యోగం ఉండాది."

మేడమ్ ముందు నవ్వింది. తర్వాత బిక్షపతి. చివరికి తువ్వాళ్ళలోంచి ముదీర్ కూడా. "అయితే రేపట్నుంచి ఈయప్పను ఆ టబ్బు దగ్గరకు రానీయొద్దు. పిల్లోళ్ళ కాళ్ళకు కట్లు కట్టే పనో ఏదో ఇయ్యండి."

అలా టేపింగ్ టేబుల్ నాకు శిక్షగా దక్కింది. ముదీర్ ఆ సాయంత్రం కాలేజీ ట్రాక్‌సూట్‌లో, బిక్షపతి చెప్పులతో స్పీచ్ ఇస్తే పిల్లలు ఈలలు వేశారు. ఇంకో లాభం కూడా ఉంది. టబ్బు దగ్గర ఎవరో ఫొటో తీశారు. అందులో నేను తల నుంచి కాలి వరకు నిండుగా ఉన్నాను. ముదీర్ మోచెయ్యి మాత్రమే కనిపిస్తోంది. అమ్మకు పంపాను.

కనుక, నెల్లూరు మస్తాన్ అనే నేను గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఎవరినీ తొందరపడి టబ్బులో వేయను. ఈసారి కొత్త ముదీర్ వచ్చినప్పుడు నన్ను పరిచయానికి పిలవడం మరచిపోతే, ముందు టెంపరేచరే చూస్తాను.