చిన్న క్యూ బాబాయి

చిట్టి వాళ్ల బాబాయికి జీవితంలో ఒక్కటే నియమం: క్యూ ఎక్కడ చిన్నదో అక్కడే నిలబడాలి. అది దేని క్యూ అన్నది తర్వాతి సంగతి.

ఓసారి పన్ను నొప్పితో ఆసుపత్రికి వెళ్లాడు. పళ్ల డాక్టరు గది ముందు జనాన్ని చూసి హడలిపోయి, పక్కన ఖాళీగా ఉన్న కళ్ల డాక్టరు గదిలో దూరాడు. కొత్త కళ్లజోడుతో, వాచిన బుగ్గతో ఇంటికొచ్చాడు.

"మరి పన్ను సంగతేంటి?" అంది పిన్ని.

"అద్దంలో ఇప్పుడు బ్రహ్మాండంగా కనిపిస్తోందే!"

ఇంకోసారి పెళ్లికని బయల్దేరి ఖాళీ బస్సెక్కాడు. అది తిన్నగా డిపోకి పోయింది. అందరూ చీవాట్లు పెడితే, "కిటికీ పక్క సీటు దొరికిందా లేదా, అది చెప్పండి!" అని ఎదురు దబాయించాడు.

అలాంటి మనిషి చిట్టి చదువు విషయంలో తలదూర్చాడు. వంతెనలు కట్టే సివిల్ ఇంజినీరింగంటే ఆ పిల్లకు ప్రాణం. కాలేజీ దరఖాస్తులో ఏ కోర్సు కావాలో ముందే రాయాలి. సివిల్‌కి జనం ఎగబడతారని, ఎవరూ అడగని కోర్సు రాస్తే సీటు ఖాయమని ఇంటా బయటా ఒకటే మాట.

"మట్టి శాస్త్రం రాయవే. పిలిచి మరీ సీటిస్తారట."

"నాకు వంతెనలు కావాలి బాబాయ్."

"వంతెన మాత్రం దేనిమీద నిలబడుతుందే? మట్టిమీదేగా! ముందు లోపలికి దూరు."

నాన్న కూడా తమ్ముడి మాటకే తలూపాడు. నిజానికి బాబాయిది భయం. కుర్రతనంలో ఇష్టమైన చదువు కోసం పెద్ద క్యూలో నిలబడితే, తన వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయన్నారు. ఆ తర్వాతే ఆయన కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. అది తెలిసిన చిట్టి ఎదురు చెప్పలేక, ఏడుపు దిగమింగి మట్టి శాస్త్రమే రాసిచ్చింది.

కోర్సు మార్చుకోవడానికి ఆఖరి రోజున మాత్రం ఆమెకు మనసు ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా కాలేజీకి పరిగెత్తింది. కిటికీ ముందు మొదలైన క్యూ గేటు దాటి రోడ్డెక్కింది. అందులో బాగా ముందు, మెడలో కొలతల టేపుతో, చెమటకు తడిసి ముద్దయిన బాబాయి!

"ఇంత పెద్ద క్యూలో నువ్వా!"

"నేనే. కాళ్లు పీకేస్తున్నాయి. నీకు కబురు పెడదామనుకుంటున్నా. ముందొచ్చి నిలబడు, నీకోసమే ఈ చోటు."

"మరి మట్టి శాస్త్రం?"

"బట్ట కత్తిరింపుకని దాచుకున్న కాగితాలన్నిటి మీదా వంతెనలు గీసిపెట్టావు. చొక్కా చెయ్యి కత్తిరించాలన్నా ఓ వంతెన తెగుతోంది. ఎన్నని తెంచనే?"

చిట్టికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బాబాయి మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

వంతు వచ్చాక గుమస్తా ఆమె కాగితాలు చూసి నిట్టూర్చాడు. "ఏ కోర్సు రాసినా ఒకటేనమ్మా. ఇక్కడ అందరినీ కలిపి మార్కులే చూస్తారు. నీ మార్కులకు ఢోకా లేదు. కోర్సు ఖాయం చేసుకునేది చేరిన ఏడాది తర్వాత, అప్పుడు నచ్చింది తీసుకోవచ్చు. చెబితే ఎవరూ నమ్మరు, అందరూ వచ్చి ఈ కిటికీ మీదే పడతారు."

"ఈ ముక్క చెప్పేవాళ్లే లేరా బాబూ?" అన్నాడు బాబాయి.

"ఎందుకు లేరండీ? అదిగో, విచారణల కిటికీ. పొద్దుట్నుంచీ అక్కడ ఈగలు తోలుకుంటున్నారు."

బాబాయి ఆ ఖాళీ కిటికీ వైపు చాలాసేపు చూశాడు. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూట నియమం తప్పానే! చూశావా ఏమైందో?"

చిట్టి ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ బయటికి తీసుకొచ్చింది. అంతలో ఖాళీ బస్సొకటి వచ్చి ఆగింది. అది ఎక్కడికి పోతుందో అడక్కుండానే ఇద్దరూ ఎక్కేశారు.