మేడిపల్లి దాకా

"...సిరిసిల్ల దాక ఆడోళ్ల జీరో టికెట్ కొట్టినంక, గిప్పుడు నడిమిట్ల దిగుతమంటే ఎట్లనమ్మా?" అంటోంది కండక్టరు.

"మా ఆమెకు పాణం మంచిగ లేదు తల్లీ. జర ఆపు," అన్నాడు పాషా.

"ఇంతకుముందు ఒకపారి ఆపమన్నరు, ఆపిన. దిగి మళ్ల ఎక్కిన్రు. బస్సుల మీరొక్కరే ఉన్నరా?"

వెనక సీట్లోంచి ఎవరో "ఆర్టీసీ బస్సా, మీ సొంత కారా చాచా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

గౌసియాబీ అప్పటికే కింది మెట్టు మీద ఉంది. బుర్ఖా ముసుగు పైకెత్తి, తలుపు పక్క కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆ మాటలూ నవ్వులూ ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టున్నాయి. నాలుక పిడచకట్టింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఈ బస్సులో ఇంకొంచెం సేపుంటే చచ్చిపోతానన్నది తప్ప ఆమెకు ఇంకేమీ తెలియడం లేదు.

మేడిపల్లిలో బస్సు ఆగింది. ఆమె దిగి సిమెంటు బెంచీ మీద కూలబడింది. పాషా వెనకాలే దిగాడు. బస్సు వెళ్లిపోయింది.

సిరిసిల్లలో ఆమె అక్క జైబున్‌బీ ఆ తెల్లవారుజామున చనిపోయింది. సాయంత్రం అస్ర్ నమాజు కాగానే మట్టి. ఆడవాళ్లు కబరస్తాన్‌కు పోరు కనుక, ఇంట్లోంచి జనాజా పాడె లేచేలోపల చూసుకున్నదే ఆఖరి చూపు. తర్వాతి బస్సు ఎక్కినా అందుతారు.

ఆ బస్సు వచ్చింది. గౌసియాబీ లేచి తలుపు దాకా నడిచింది. మెట్టు మీద కాలు పెట్టి తీసేసింది. ఆ తర్వాత వచ్చిన బస్సుకు లేవనేలేదు.

"ఆటోల పోదామా?" అన్నాడు పాషా.

ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సైనా ఆటో అయినా ఒకటే. ఇంటికి దూరంగా పోవడమే ఆమెకు చేతకాని పని.

పాషా ఫోన్ మోగింది. జైబున్‌బీ కూతురు అల్ఫియా. గౌసియాబీ ఆమెకు ఖాలా, పాషా ఖాలూ. "ఖాలూ, ఎక్కడి దాక వచ్చిన్రు?"

పాషా కోరుట్లలో మోటర్ల వైండింగ్ షాపు నడుపుతాడు. కాలిపోయిన మోటరు తెచ్చిన రైతుకు ఉన్నదున్నట్టు చెప్పే మనిషని పేరు. భార్య వైపు ఒకసారి చూసి, "బస్సు ఖరాబైంది బిడ్డా. మేడిపల్లి కాడ ఆగిపోయింది," అన్నాడు.

ఖాలా వస్తుంది, జర ఆగండని అల్ఫియా అక్కడ పెద్దలను బతిమాలింది. వాళ్లు ఆగగలిగినంత ఆగారు. ఆమె ఫోన్లు చేయడం మానేసినప్పుడు జనాజా లేచిందని పాషాకు అర్థమైంది. అప్పుడు ఆటో మాట్లాడి భార్యను ఇంటిదారి పట్టించాడు. కోరుట్ల దగ్గరపడుతుంటే గౌసియాబీ గుండె నెమ్మదించింది. ఆ నెమ్మదే తర్వాత ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించింది.

గౌసియాబీకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఒళ్లో బీడీల చాట ఉంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టడం ఆమె చేతులకు చూపు అక్కర్లేని పని. మాటకారి. మొహల్లాలో ఎవరింట్లో దావత్ అయినా బగారన్నం దించే ముందు ఆమెను పిలిచి ఉప్పు చూపించేవాళ్లు. అలాంటి మనిషి కొన్నేళ్ల కింద ఒక పెళ్లిలో, ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు. ఆరెంపీ డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించాడు. ఆ తర్వాత కరీంనగర్‌లో గుండె పరీక్షలన్నీ చేశారు. గుండె మంచిగుందన్నారు.

"మంచిగుంటే గిట్ల ఎందుకు కొట్టుకుంటది?" అని ఆమె డాక్టరు మీదే కోపం చేసింది.

ఇంట్లో దానికి గాబరా అని పేరు పెట్టుకున్నారు. జబ్బకు తావీజు కట్టించారు. గాబరా ఎక్కడ వస్తే అక్కడికి పోవడం మానేస్తూ వచ్చింది గౌసియాబీ. మొదట బస్సు, తర్వాత అంగడి. చివరికి బీడీలు అప్పజెప్పే కార్ఖానాలో లైన్లో నిలబడలేక పక్కింటి సత్యవ్వ చేతికిచ్చి పంపేది. అక్కే సిరిసిల్ల నుంచి వచ్చి చూసిపోయేది. "నువ్వు బేగం సాహెబువు. దర్బారుకు మేమే రావాలె," అని ఎగతాళి చేసేది. తర్వాత జైబున్‌బీకి కిడ్నీలు చెడిపోయి డయాలిసిస్ మొదలైంది. ఇక ఆమె కూడా రాలేకపోయింది. అక్కాచెల్లెళ్లకు ఫోను మిగిలింది.

జగిత్యాల పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది కోడలు కహకషాన్. మనసు డాక్టరని తెలిసి గౌసియాబీ గేటు దగ్గరే మొరాయించింది.

"పిచ్చోళ్ల డాక్టరు కాడికి తెస్తివా? మొహల్లాల నా ముఖమెట్ల చూపెట్టాలె?"

"పన్ను నొస్తే పన్ను డాక్టరు కాడికి పోమా అమ్మీ? జర లోపలికి నడువు. నచ్చకపోతే నన్ను తిట్టుకుంట వాపస్ వద్దువు."

డాక్టరు పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోమని ఒక గోలీ రాశాడు. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. మంచిగైందనుకుని సొంతంగా ఆపొద్దన్నాడు. మొహల్లాలో అవి బీపీ గోలీలని చెబుదామన్నాడు పాషా. అలాగే చెప్పారు.

పక్క గదిలో కౌన్సిలర్ సుజాత ఉండేది. ఒకరోజు ఆమె గౌసియాబీని దవాఖానా మెట్లు గబగబా ఎక్కి దిగమంది. తనూ వెంట ఎక్కింది. ఇద్దరూ రొప్పుతూ గదిలోకి వచ్చి కూర్చున్నారు.

"గుండె కొట్టుకుంటుందా అమ్మా?"

"కొట్టుకోదా మరి? ఈ వయసుల మెట్లెక్కిస్తివి."

"గాబరాల కొట్టుకున్నట్టేనా?"

గౌసియాబీ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. "గట్లనే ఉంది," అంది.

"ఏమైంది మరి? సచ్చిపోయినమా?"

ఆమె నవ్వింది. ఆ గదిలో నవ్వడం అదే మొదలు.

చలికాలానికల్లా బీడీలు తనే తీసుకుపోయి అప్పజెబుతోంది. జగిత్యాల బస్సులో కోడలికి దూరంగా, వేరే సీట్లో కూర్చోగలుగుతోంది. అక్కకు ఫోన్ చేసి, "ఈద్ తెల్లారి నీ ఇంట్ల షీర్‌ఖుర్మా తాగుత ఆపా," అంది.

"ఇన్నేండ్ల సంది గిదే మాట. వచ్చిననాడు చూద్దాం తియ్," అంది జైబున్‌బీ. కానీ అల్ఫియాతో చెప్పి ఆ వారమే గుమ్మానికి కొత్త పరదా కుట్టించింది.

అంతలో రంజాన్ వచ్చింది. చిన్నప్పటి నుంచి గౌసియాబీ రోజా ఉపవాసం విడిచింది లేదు. బాలింతగా ఉన్నప్పుడు విడిచినవి కూడా తర్వాత తీర్చుకుంది. గోలీ పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి. రోజా ఉన్నవాళ్లకు టిఫిన్ ఎక్కడిది? ఆమె ఆలోచన అక్కడే ఆగింది. నెలవంక కనబడిన సాయంత్రం గోలీల డబ్బా అల్మారా పైఅరలో పెట్టేసింది.

"ఒకపారి సుజాత మేడమ్‌ను అడుగుదాం అమ్మీ," అంది కహకషాన్.

"అడిగితే రోజా ఇడువుమంటది. ఇడువుమంటే ఇడువాలె, లేకపోతే ఆమె మాట తీసేయాలె. గదంత ఎందుకు? మంచిగనే ఉన్న కదనే."

పండుగ నెలలో అత్తతో వాదమెందుకని కహకషాన్ ఊరుకుంది. తర్వాత ఆ ఊరుకోవడాన్ని ఆమె చాలాసార్లు తలుచుకుంది.

మొదట ఏమీ కాలేదు. గోలీ లేకుండానే రోజా సాగుతోందని గౌసియాబీ లోలోపల గర్వపడింది కూడా. తర్వాత తల తిప్పితే కరెంటు తగిలినట్టు జివ్వుమనేది. నిద్ర పట్టేది కాదు. తంబాకు జల్లిస్తూ ఊరికే ఏడ్చేది. రోజా నీరసం అనుకుంది. అలా ఉన్నప్పుడే సిరిసిల్ల నుంచి అక్క పోయిందన్న కబురు వచ్చింది.

మూడోనాటి జియారత్ దాటాక కోడలు ఆమెను ఆటోలో, చెయ్యి పట్టుకుని, జగిత్యాల తీసుకుపోయింది. సుజాత మొత్తం విన్నది. వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది.

"ఈ గోలీ పొద్దున్నే వేసుకోవాలని ఏం లేదమ్మా. రోజాలు ఉన్నన్ని దినాలు ఇఫ్తార్ అయినంక, తిని వేసుకోవచ్చు. మా దగ్గరికి వచ్చేటోళ్లు శానామంది గట్లనే వేసుకుంటరు. ఇయ్యాల్టి నుంచి మీరు సుత గట్లనే మొదలుపెట్టుండ్రి."

"గంతేనా?" అంది గౌసియాబీ.

"గంతే."

రోజా విడవాల్సిన పనే లేదు. గోలీ విడవాల్సిన పనీ లేదు. ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. సుజాత తిట్టి ఉంటే బాగుండునని గౌసియాబీకి అనిపించింది. తిట్టలేదు.

"మా ఆపా ముఖం చూడకపోతిని," అంది.

"గాబరాకు నా దగ్గర మందుంది. దీనికి లేదమ్మా," అని సుజాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

పని మళ్లీ మొదటికొచ్చింది. కోరుట్ల బస్టాండులో ఆగి ఉన్న బస్సెక్కి, అది కదిలే ముందు దిగడం. ఆ తర్వాత ఒక స్టేజీ దూరం. భయం తగ్గేదాకా కూర్చుని అప్పుడే దిగడం. "నలబయ్యో దినం చాలీస్‌కు పోవాలెనని ఉరుకొద్దు. తయారు కాకముందు పోయి మళ్ల నడిమిట్ల దిగితే, గాబరా ఇంక గట్టిపడుతది," అని సుజాత ముందే చెప్పింది.

ఈద్ వచ్చి పోయింది. తమ ఇంట్లో షీర్‌ఖుర్మా చేశారు గానీ గౌసియాబీ ముట్టలేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే అల్ఫియా ఎత్తలేదు. చివరికి తనే, చాలీస్ నాడు రమ్మని పాషాకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో అందరూ విన్నారు.

"ఖాలాకు సుత చెప్పు ఖాలూ. ఈపారన్న బస్సు ఖరాబ్ కాకుంట చూసుకొమ్మను. ఆ తొవ్వల దినాం ఎన్ని బస్సులు పోతయో మాకు ఎరుకనే."

పాషా రెండు రోజులు షాపులో కూడా సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి చొక్కా జేబులోంచి గోలీల పట్టీ తీశాడు. గౌసియాబీ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది.

"డ్రైవర్ తిరుపతి కారు మాట్లాడిన," అన్నాడు. "ఎక్కే ముందు గిదొకటి ఏస్కో. నిద్ర పడుతది. సిరిసిల్లలనే లేస్తవు."

"డాక్టరు రాసిందేనా అబ్బా?" అని మామను అడుగుతూ లోపలి నుంచి కహకషాన్ వచ్చింది.

"మెడికల్ షాపాయన మనోడే."

"మనోళ్లను అడుగుకుంటనే ఇన్నేండ్లు తిరిగినం."

"నువ్వు ఊకో బిడ్డా. బస్సు ఖరాబైందని చెప్పిన నోరు నాది. నలుగురిల తలకాయ ఎత్తుకొని తిరగాలె నేను. ఒక్కనాడు, ఒక్క గోలీ. ఎవరు సచ్చిపోతరు దానితోని?"

కహకషాన్ అత్త వైపు చూసింది.

గౌసియాబీ చేతిలోని బీడీకి దారం కట్టి చాటలో వేసింది. అక్క ఇంటి గుమ్మంలో తను మత్తుగా, ఇద్దరి భుజాల మీద వాలి దిగడం కళ్ల ముందు కనబడింది. ఆ గుమ్మానికి కుట్టించిన పరదా ఏ రంగుదో కూడా తనకు తెలియదు. చాట పక్కకు జరిపి, ఒళ్లో పడ్డ ఆకు ముక్కలు దులుపుకుంది.

"తిరుపతికి కారు వద్దని చెప్పు," అంది. "చాలీస్‌కు నేను రాను. నువ్వు, కహకషాన్ పోండ్రి. ఖాలా ఎందుకు రాలేదని అల్ఫియా అడిగితే, బస్సు ఖరాబ్ కాలేదని చెప్పు. గాబరాకు జగిత్యాలల మందు తింటున్నదని, ఇంక మేడిపల్లి సుత దాటలేదని చెప్పు. అందరు కూసున్నప్పుడే చెప్పు."