మామ్మ ఉడకబెట్టిన విత్తనాలు

మా ఇంట్లో విత్తనాల మీద మగవాళ్లకి పెత్తనం లేదు. దుక్కి నాన్నది, కోత నాన్నది, విత్తనాల పురి మాత్రం ఆయన తల్లిది. కళ్లంలో నూర్పులైన రోజే మామ్మ మంచి గింజ ఏరి, చాటతో చెరిగి, ఎండబెట్టి, వేపాకు కలిపి గడ్డితాడు చుట్టి కట్టిన పురిలో పోసి మూత అలికేసేది. తొలకరికి ఆవిడ చేత్తో తీసి ఇస్తేనే మడిలో చల్లాలి. ఆ వరి రకం ఆవిడ అత్తగారి నాటి నుంచీ మా ఇంట్లో ఉంది. పురి కోడలికి ఇచ్చిందంటే ఇల్లు అప్పజెప్పినట్టే. మామ్మ ఇవ్వలేదు, అమ్మ అడగనూ లేదు, ఆ ఏడు దాకా.

అరవయ్యో దశకం చివరి సంగతి. మాది నెల్లిమర్ల మిల్లు కూత వినిపించే ఊరు. నాకు పదేళ్లుంటాయేమో. అప్పటికే మామ్మ మతి సడలుతోంది. ఇప్పుడైతే డాక్టర్లు అల్జీమర్స్ అంటారు. అప్పుడు మాకు తెలిసినవల్లా వయసు, గాలి, దిష్టి. చోడంబలి, అంటే రాగి అంబలి, తాగి మూతి తుడుచుకుంటూనే వీధిలోకి వెళ్లి, "మా కోడలు అంబలి సుక్క పొయ్యనేదమ్మా" అనేది. వీధి నమ్మేది. ఒక ఆదివారం నాన్న ఆవిడని అరసవల్లి తీసుకెళ్లి దణ్ణం పెట్టించి తెచ్చాడు. దారి పొడుగునా "ఎక్కడికి తీసుకెల్తన్నావు" అని అడిగిందట. ఇంటికొచ్చాక "అరసవల్లి ఎప్పుడెల్దాం" అని అడిగింది.

"పురి నా సేతికియ్యమని సెప్పు. ఎప్పుడేటి సేస్తాదో తెలీదు," అంది అమ్మ ఒక పొద్దున్న.

"అది కూడా లాక్కుంటే మాయమ్మకేటి మిగుల్తాది?" అన్నాడు నాన్న. "ఆ పనొక్కటీ మర్సిపోనేదు. ఉండనీ."

నాన్న మొండివాడు, తల్లి విషయంలో మరీను. పురి మామ్మ దగ్గరే ఉండిపోయింది.

రోహిణి ఎండల్లో ఓ రోజు అమ్మా నాన్నా నేనూ పొలానికి పెంట తోలి తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే ఉడికే ధాన్యం వాసన కొట్టింది. మా వైపు ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడకేసి, ఆరబోసి దంపుతారు. "ఎవులింట్లోనో ధాన్నెం ఉడకేసినారు," అంది అమ్మ. ఆ వాసన మా ఇంట్లోంచే వస్తోంది.

వాకిట్లో పొయ్యి మీద పెద్ద కుండ. చాపల నిండా పొగలు కక్కే ధాన్యం. పక్కన మూత ఊడిన విత్తనాల పురి, అందులో వేపాకు తప్ప ఏమీ లేదు. మామ్మ కాలితో గింజల్ని కలియదున్నుతోంది. చెమటతో తడిసి ముద్దయింది గానీ అంత హుషారుగా ఆవిడని చూసి చాన్నాళ్లయింది. పదును ఎంత బాగా కుదిరిందో, పొట్టు సన్నగా విచ్చుకుంది. ఉడకెయ్యడంలో ఏదీ మర్చిపోలేదు. అవి ఏ గింజలో అదొక్కటే మర్చిపోయింది.

"ఇంట్లో బియ్యం అయిపోనాయి. నువ్వు సూసుకోవు గదా," అంది అమ్మతో.

నాన్న గుప్పెడు తీసి నలిపి చూశాడు. ఉడికిన గింజ మొలవదు. ముందే చెప్పానని దెప్పడానికి అమ్మకి హక్కుంది, దెప్పలేదు. లోపలికి వెళ్లి ఏడ్చింది. నాన్న చాప అంచున కూలబడితే "ఒరే, గింజలు తొక్కెయ్యకు" అని మామ్మ కసిరింది.

రైతు విత్తనం కోసం చెయ్యి చాపడం తలవంపు. నాన్న గరివిడి అవతల చుట్టాలని అడిగి తెచ్చి చల్లాడు. అది మెట్టుమడి రకం. మా పల్లంలో నీళ్లు నిలిచేసరికి సగం కుళ్లిపోయింది. మా రకం ఇంకెక్కడా దొరకలేదు. ఉడికినదాన్ని పారేస్తామా? దంపుకుని వానాకాలమంతా తిన్నాం. అన్నం ఎప్పట్లాగే రుచిగా ఉండేది. ఆ రుచంటే నాకు అసహ్యమేసేది. నాన్న కంచం ముందు తల ఎత్తేవాడు కాదు.

మళ్లీ కళ్లాల రోజులొచ్చాయి. ఈసారి పురి అమ్మే కట్టింది. మామ్మ ఊరుకుంటుందా? లేచింది మొదలు "నా ఇత్తనాలేవి" అంటూ ఇల్లంతా తడిమేది. తిండి మానేసింది. చూడలేక నాన్న తాలు, అంటే లోపల గింజ లేని ఉత్త పొట్టు, గంపెడు తెచ్చి ఆవిడ ముందు పోశాడు. చాట చేతికిచ్చి, "సెరుగమ్మా, ఇత్తనాలు," అన్నాడు.

మామ్మ చెరిగింది. చేతి విసురు ఏమీ తగ్గలేదు. పొట్టంతా లేచి ఆవిడ జుట్టు మీద, అరుగు మీద, మా మీద పడింది. చాటలో ఏమీ నిలవలేదు. మళ్లీ పోసుకుంది, మళ్లీ చెరిగింది. ఆఖరికి చాట కింద పెట్టి కొడుకు ముఖంలోకి పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. కోప్పడలేదు, జాలిగానే అడిగింది.

"ఎవులి పిల్లడివి బాబూ? తాలు తెచ్చి ఇత్తనాలంటన్నావేటి? మీయమ్మ నీకేటీ నేర్పనేదా?"

"నేర్పినాదమ్మా," అన్నాడు నాన్న. ఖాళీ గంప తీసుకుని పెరట్లోకి వెళ్లాడు.